మైల లేని బంధువు: తెలుగు నవలలో స్త్రీలు కూర్చుకున్న కుటుంబం



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆ ఉపాధ్యాయురాలు తన పేరు ఏ ఫలకం మీదా ఉండకూడదని కోరుకున్నారు. నిర్వాహకులు ఆ కోరికను మన్నించారు, నేనూ మన్నిస్తాను. ఆమె ఈ చిల్కానగర్ ప్రాంతపు పిల్లలకు చాలా ఏళ్ళు తెలుగు చెప్పారు. చివరి రోజుల్లో రక్తసంబంధం లేని ఇద్దరు స్త్రీలతో ఒకే పోర్షన్‌లో ఉన్నారు. మంచాన పడినప్పుడు చూసుకున్నదీ వాళ్ళే. ఆమె పోయాక కర్మకాండ ఎవరు చెయ్యాలన్న చర్చ వచ్చింది కాని, దుఃఖం ఎవరిదన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఆ ప్రశ్ననే ఇవాళ తెలుగు నవల ముందు పెట్టాలని నా ఉద్దేశం.

పుట్టుకతో గాని పెళ్ళితో గాని రాని బంధువులను స్త్రీలు తమకు తాము కూర్చుకుని, ఆ ఆసరాతో పెద్ద దుఃఖాలను దాటిన చరిత్ర మనకు ఉంది. అది కనీసం నూట నలభై ఏళ్ళది. మన నవల మాత్రం దాన్ని ఆలస్యంగా, అరకొరగా పట్టించుకుంది. పట్టించుకున్న చోట్ల కూడా ప్రేమను రాసినంత శ్రద్ధగా ఇంటి అద్దెను రాయలేదు. ఇలాంటి బంధం నిలవాలంటే ఒక కప్పు, ఒక సంపాదన, ఏడవడానికి కొన్ని తీరిక దినాలు ఉండాలి. వీటి లెక్క చెప్పిన రచనలే నా దృష్టిలో నిలిచాయి.

మన సమాజం దుఃఖాన్ని బంధుత్వం ప్రకారం పంచుతుంది. చావు జరిగిన ఇంట దాయాదులకు పది రోజుల మైల, పెళ్ళై వెళ్ళిన కూతురికి చాలా కులాల్లో మూడు రోజులే. మన తెలంగాణలో మూడొద్దులకు పిట్టకు పెడతారు, పదకొండో రోజు దినం చేస్తారు. ఎవరు తలస్నానం చెయ్యాలో, ఎవరు గడప దాటకూడదో, ఎవరికి ఎవరు బట్టలు పెట్టాలో అన్నీ నిర్ణయమై ఉన్నాయి. ఈ పట్టికలో స్నేహితురాలికి చోటు లేదు. ముప్పై ఏళ్ళు కలిసి బతికిన మనిషి పోయినా ఆమెకు మైల రాదు. మైల రాదంటే దుఃఖించే హోదా లేదనే అర్థం. మర్నాడు డ్యూటీకి పోవలసిందే.

ఇంకొక సంగతి మరింత కఠినమైనది. భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టి బొట్టు చెరిపే తంతు ఆమెను పురుషుడి నుంచి వేరు చేసేది కాదు, ఆ పని మృత్యువు అప్పటికే చేసింది. ఆ తంతు ఆమెను తోటి ఆడవాళ్ళ నుంచి వేరు చేస్తుంది. నిన్నటిదాకా పక్కన కూర్చుని పసుపు రాసిన ముత్తైదువలు ఇవాళ ఆమె ముఖం చూడకుండా తప్పుకుంటారు. స్త్రీకి స్త్రీ ఆసరా కావలసిన గడియలోనే ఆచారం స్త్రీలను రెండు జట్లుగా చీల్చింది. మన సంస్కర్తలు బాలవితంతువు దుఃఖాన్ని గురించి ఎంతో రాశారు కాని, ఈ చీలికను గురించి రాసింది తక్కువ.

అయితే దీనికి ఎదురు నడిచే సంప్రదాయమూ మన పల్లెల్లోనే ఉంది. చావింటికి వచ్చిన ఆడమనిషి మెడ మీద వాలి, శోకం తీసి ఏడ్చే పద్ధతి ఇక్కడున్న పెద్దవాళ్ళందరూ ఎరిగినదే. ఆ శోకంలో పోయిన మనిషి జీవితచరిత్ర ఉంటుంది. ఏడ్చే మనిషి చరిత్ర కూడా ఉంటుంది. పదేళ్ళ కిందట పోయిన తన బిడ్డను తలచుకుని ఇవాళ పొరుగింటి చావులో ఏడవడానికి అక్కడ అనుమతి ఉంది. వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి కలుస్తారు, వావివరసలు చూడరు. దుఃఖాన్ని మాటలు చేసి, ఇంకొకరి భుజం మీద దించుకునే కళ అది. దాన్ని కట్టింది ఎక్కువగా చదువురాని స్త్రీలు. నవలాకారులు దాన్ని నేపథ్య ధ్వనిగా వాడుకున్నారే గాని కథనపద్ధతిగా గుర్తించలేదన్నది నా ఫిర్యాదు.

ఇప్పుడు చరిత్రలోకి వెడదాం. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్ళి గురించి మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఆ ఇంటి వంటగది గురించి చదువుకోలేదు. వెలి భయంతో వంటవాళ్ళు మానేస్తే, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాకపోతే, వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు మోసి, వండి పెట్టారు. ఆ దంపతులకు సంతానం లేదు. ఆశ్రయం కోరి వచ్చిన బాలికలే ఆమెకు బిడ్డలయ్యారు. సంస్కరణ అనే మాట వినగానే మనకు ఉపన్యాసాలు, పత్రికలు, కోర్టు కేసులు గుర్తొస్తాయి. కాని బయట తలుపులు మూసుకున్న ఆ పిల్లలకు పగలు అన్నం, రాత్రి పక్కన పడుకునే ఒక పెద్ద మనిషి దొరికింది ఆ వంటగదిలో. తెలుగునాట స్త్రీలు కూర్చుకున్న కుటుంబాల్లో మనకు ఆధారాలతో తెలిసిన తొలి ఇళ్ళలో అది ఒకటి.

భండారు అచ్చమాంబ గారిది వేరే దారి. 1874లో పుట్టిన ఆమె, కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్కగారు. కన్నబిడ్డలను పసితనంలోనే పోగొట్టుకున్నారు. ఆ దుఃఖం తర్వాత ఆమె చేసిన పనులు చూడండి: చరిత్రలోని స్త్రీల జీవితాలను వెతికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా కూర్చారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. ఊరూరా తిరిగి సమాజాలు పెట్టించారు. 1905లో చిన్న వయసులోనే కన్నుమూశారు. ఒక తల్లి తన శోకానికి వెతుక్కున్న మందు వేరే స్త్రీల సాంగత్యం, పాతకాలపు స్త్రీల సాంగత్యం కూడాను. రత్నమాలను నేను అలాగే చదువుతాను. ఆమె తనకు పూర్వీకులను ఎంచుకుంది.

తెలంగాణ సాయుధ పోరాటానికి వస్తే విషయం మరింత చిక్కబడుతుంది. రహస్య జీవితంలో కమ్యూనిస్టు పార్టీ ‘డెన్‌’లు నడిపేది. పొరుగువాళ్ళకు అనుమానం రాకుండా అపరిచితులు ఒకే ఇంట్లో కుటుంబంలా మసలేవారు. రక్షణ కోసం కట్టిన ఆ ఉత్తుత్తి కుటుంబాల్లో నిజమైన మమకారాలు పుట్టాయి. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం సభ్యులు ఆ తరం స్త్రీల నోటిమాటలను సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చారు. అందులో కమలమ్మ గారు అడవిలో పసిబిడ్డను ఇంకొకరికి ఇచ్చేయవలసి వచ్చిన సంగతి చదివిన వారెవరూ మరచిపోలేరు. 1951లో పోరాటం విరమించాక మగవాళ్ళకు ఎన్నికలు, పదవులు ఎదురొచ్చాయి. ఆడవాళ్ళను ఇంటికి పొమ్మన్నారు. చాలామందికి పోవడానికి ఇల్లే మిగల్లేదు. ఉద్యమం ఇచ్చిన కుటుంబం పోవడం కూడా ఒక చావే. ఆ చావుకు దినం చేసిన వాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళ తర్వాత టేప్‌రికార్డరు పట్టుకుని వచ్చిన యువతుల ఎదుట ఆ స్త్రీలు మాట్లాడిన మాటలే ఆలస్యంగా తీసిన శోకం. వినడానికి వచ్చిన ఆ యువతులు పరిశోధకులుగా వచ్చి, చాలా చోట్ల కూతుళ్ళుగా మిగిలారు.

ఆ తరంలోని కొండపల్లి కోటేశ్వరమ్మ గారి జీవితం దగ్గర మనం కొంచెం ఆగాలి. 1918లో పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులోనే పెళ్ళి, వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్య గారితో పునర్వివాహం, ఉద్యమం, రహస్య జీవితం. ఆ తర్వాత భర్త వదిలి వెళ్ళారు. నడివయసులో పిల్లలను తల్లి దగ్గర ఉంచి, హైదరాబాదు వచ్చి ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. కాకినాడలో స్త్రీల పాలిటెక్నిక్ హాస్టల్‌కు మేట్రన్‌గా పనిచేశారు. కొడుకు చందును, కూతురు కరుణను ఇద్దరినీ పోగొట్టుకున్నారు. మనవరాళ్ళను పెంచారు. కొన్నేళ్ళు మన హైదరాబాదులోనే, కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో ఉన్నారు. తొంభై దాటాక, 2012లో ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. 2018లో నూరేళ్ళు నిండాక కన్నుమూశారు.

ఆ పుస్తకాన్ని త్యాగగాథగా పొగిడి పక్కన పెట్టడం మనకు అలవాటైపోయింది. దాన్ని ఆసరాల లెక్కగా చదవమని కోరుతున్నాను. ప్రతి విపత్తు తర్వాత ఆమెను నిలబెట్టింది ఏమిటి? ఒకచోట చదువు చెప్పి వసతి ఇచ్చిన సంస్థ. ఇంకొకచోట మేట్రన్ ఉద్యోగం, దానితో వచ్చిన గది, ఆమె చుట్టూ చేరిన విద్యార్థినులు. మరొకచోట వృద్ధాశ్రమంలో తోటి ముదుసళ్ళు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించినప్పుడు ఆమె కూడా బాల్యవివాహాన్ని కాదని బయటికి వచ్చిన మనిషే. తాను దాటిన వాగు మీద వెనక వచ్చేవారికి వంతెన కట్టిందామె. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా మొదలైన వయోజన స్త్రీల సంక్షిప్త విద్యాక్రమం ఆ ఆలోచనకే కొనసాగింపు. చదువు మానేసిన వితంతువు, వదిలేసిన ఇల్లాలు రెండేళ్ళలో మెట్రిక్ ముగించి నర్సుగానో టీచరుగానో బయటికి రావాలన్నది లక్ష్యం. రికార్డుల్లో అవి విద్యాపథకాలు. హాస్టల్ గదుల్లో జరిగింది మాత్రం దుఃఖోపశమనం. పక్కమంచం మీది మనిషిదీ అదే కథ అని తెలిసిన రాత్రి, సగం బరువు దిగుతుంది.

చరిత్ర ఇంత చెబుతుంటే నవల ఏం చేసింది? ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో మన నవలల్లో స్త్రీ దుఃఖానికి కొదవ లేదు, ఆ దుఃఖం పక్కన కూర్చునే ఇంకొక స్త్రీకే కొదవ. ఉంటే అత్త, సవతి, ఆడబిడ్డ, లేదంటే దూతిక. చలం గారి ‘మైదానం’ రాజేశ్వరికి కూడా ధైర్యం ఉందిగాని నేస్తం లేదు. వర్జీనియా వుల్ఫ్ 1929లో ఇంగ్లీషు సాహిత్యం మీద చేసిన ఫిర్యాదు ఇదే: పుస్తకాల్లో ఆడవాళ్ళు ఒకరికొకరు స్నేహితులుగా దాదాపు కనిపించరని.

డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ ఆ లోటును గట్టిగా కదిలించింది. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చిన ఈ నవల విశాఖపట్నంలోని అద్దె ఇంటి చుట్టూ తిరుగుతుంది. ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది. కల్యాణి తండ్రిని పోగొట్టుకుని దిక్కులేనిదవుతుంది. వసుంధర స్నేహం ఆమెకు ఆసరా. శ్రీదేవి వృత్తిరీత్యా వైద్యురాలు. అందుకే కాబోలు దుఃఖాన్ని అలంకరించదు, దాని లక్షణాలు చెబుతుంది. అద్దె ఎవరు కడతారో, జీతం ఎంత చాలదో ఆమె మరచిపోలేదు. ఇందిర తెంపరితనాన్ని గురించి విమర్శకులు పేజీలకు పేజీలు రాశారు. నాకు మాత్రం కల్యాణి-వసుంధరల మధ్య నడిచే తక్కువ మాటల స్నేహం ఎక్కువ కాలాతీతంగా తోస్తుంది. అయినా ఆ నవల కూడా చివరికి కల్యాణిని డాక్టర్ చక్రవర్తికి, ఇందిరను కృష్ణమూర్తికి అప్పగించి ఊపిరి పీల్చుకుంటుంది. 1963లో దాని ఆధారంగా వచ్చిన సినిమా ‘చదువుకున్న అమ్మాయిలు’ సంగతి చెప్పనక్కరలేదు. స్నేహం పెళ్ళిదాకా తీసుకెళ్ళే రిక్షా అన్న అభిప్రాయాన్ని శ్రీదేవి ఇంకో నవలలో తిరగరాసి ఉండేదేమో. 1961లో, ముప్పై రెండేళ్ళు నిండకముందే పోయింది.

ఆ పని రచయిత్రి ఓల్గా చేశారు. స్త్రీల స్నేహం ఆమె తొలి నవలల నుంచీ ఉన్న వస్తువే అయినా, నేటి ప్రసంగానికి దగ్గరైనది ‘విముక్త’. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ పుస్తకం లెక్కకు అయిదు కథల సంపుటి. నేను దాన్ని నవలగా చదువుతాను. సీత అనే ఒక్క మనిషి మనసు ఒక్కొక్క స్త్రీని కలిసి ఒక్కొక్క మెట్టు కోలుకునే క్రమం అందులో ఉంది గనుక. ‘సమాగమం’లో శూర్పణఖ, ‘మృణ్మయనాదం’లో అహల్య, ‘సైకతకుంభం’లో రేణుక, ‘విముక్త’లో ఊర్మిళ. కావ్యం వీళ్ళను ఒకరికొకరు శత్రువులుగానో అపరిచితులుగానో ఉంచింది. ఓల్గా వీళ్ళను బంధువులను చేసింది. పుట్టింటి వరస వల్ల వచ్చిన బంధుత్వం ఊర్మిళది ఒక్కటే, దాన్ని కూడా సీత మళ్ళీ కొత్తగా సంపాదించుకోవలసి వచ్చింది.

విమర్శకులు అంతగా పట్టించుకోని విషయం ఒకటుంది. సీతను ఓదార్చే ఈ స్త్రీలలో ఎవరూ ఖాళీ చేతులతో లేరు. అవమానం పొందిన శూర్పణఖ తోట పెంచింది. మొక్కల దగ్గర తన కోపం దిగింది. రేణుక ఇసుకతో కుంభాలు చేసే శిల్పి. అహల్యకు తనదైన చోటు, తనదైన ఆలోచన ఉన్నాయి. ఊర్మిళ పద్నాలుగేళ్ళు తన గది తలుపు తానే వేసుకుని, ఆ ఏకాంతాన్ని తన పనిగా చేసుకుంది. ఒక చోటు, ఒక పని, కావలసినంత కాలం: మహిళా సభ గదుల్లో కోటేశ్వరమ్మ గారికి దొరికినవే వీళ్ళకూ ఉన్నాయి. అందువల్ల ‘విముక్త’ను పలాయనమనడం సరికాదు.

ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. ఎంచుకునే కుటుంబం అన్నది ఎంచుకునే వీలున్న వారి ముచ్చట కాదా? ఈ ఆక్షేపణలో బలం ఉంది. వీరేశలింగం గారి పోరాటం ప్రధానంగా అగ్రవర్ణాల వితంతువుల కోసం. చాలా శ్రామిక కులాల్లో మారుమనువు ముందే ఉంది. వాళ్ళ వితంతువు సమస్య కూలి, కౌలు, దొర. గోగు శ్యామల, జూపాక సుభద్ర వంటి రచయిత్రులు అడుగుతున్నది కూడా అదే: అక్కా చెల్లీ అని పిలుచుకుంటే సరా, ఆ పిలుపు వంటింటి గడప దాటుతుందా అని. మధ్యతరగతి స్త్రీల నవలలు ఈ ప్రశ్నను తప్పించుకున్నాయి. ఆ సంగతి దాచనక్కరలేదు. ఇక హిజ్రాల గురు-చేలా కుటుంబాలను చూడండి. కన్నవాళ్ళు వెళ్ళగొట్టిన వారికి మరో ఇంటినీ మరో అమ్మనూ ఇచ్చిన వ్యవస్థ అది. నిజాం కాలపు 1329 ఫసలీ చట్టం వాళ్ళను నేరస్థులుగా నమోదు చేసింది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో గాని దాన్ని కొట్టివేయలేదు. ఎంచుకునే వీలు లేకపోవడం వల్లనే ఎంచుకోవలసి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయని ఆ చరిత్ర చెబుతుంది.

సంపాదన మాట మన దేశానికే పరిమితం కాదు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ పట్టు ప్రాంతాల్లో నూరేళ్ళ కిందట వేలాది యువతులు పెళ్ళి వద్దని, పెళ్ళికూతురి జుట్టుముడి తామే వేసుకుని, ‘అక్కచెల్లెళ్ళ ఇళ్ళు’ కట్టుకున్నారు. ముసలితనంలో చూసుకోవడం, చావు తర్వాత పూజలు చేయడం కూడా ఒకరికొకరి బాధ్యతే. పట్టుమిల్లుల కూలి చేతికందినంత కాలం ఆ ఇళ్ళు నిలిచాయి. పట్టు వ్యాపారం కూలాక అవీ చెదిరాయి.

చట్టం సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం. 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, వీలునామా రాయకుండా చనిపోయిన స్త్రీకి భర్తా పిల్లలూ లేకపోతే, ఆమె స్వార్జితం ముందు భర్త వారసులకు పోతుంది, ఆ తర్వాతే కన్నవాళ్ళకు. పెళ్ళైన కొద్దికాలానికే భర్తను పోగొట్టుకుని, అత్తింటివారు గెంటేస్తే పుట్టింటి నీడలో చదువుకుని ఉద్యోగం చేసిన ఒక స్త్రీ ఆస్తి, ఆమెను గెంటినవారి పక్షానికే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం అలా ఉంది గనుక తీర్పు అలా ఉంది. కన్నతల్లి పరిస్థితే అదైతే కలిసి బతికిన స్నేహితురాలు ఆ జాబితాలో ఎక్కడా లేదు. మన నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి ఏర్పాటుకు ఆధారమైన 1948 చట్టంలో ‘కుటుంబం’ నిర్వచనం చదవండి, అక్కడా లేదు. మైల పట్టికను ప్రభుత్వం తన భాషలో తిరగరాసుకున్నట్టుంది.

ఇప్పుడు ఈ చిల్కానగర్ సంగతి. నాచారం పారిశ్రామికవాడ ఒక పక్క, ఉప్పల్ చౌరస్తా ఒక పక్క. వరంగల్, జనగామ నుంచి వచ్చే బస్సులు దిగే దారి ఇది. 2017 నవంబర్‌లో నాగోలు మెట్రో నడిచాక ఇక్కడి నుంచి నగరం ఆ కొసకు పనికి పోయేవాళ్ళు పెరిగారు. సందు సందునా లేడీస్ హాస్టళ్ళు, మేడమీద సింగిల్ రూములు, రేకుల పోర్షన్లు. ఫార్మా కంపెనీలో షిఫ్టు చేసే అమ్మాయి, భర్త పోయి పిల్లను చదివించుకుంటున్న టైలరు, రిటైరైన నర్సు ఒకే గ్యాస్ సిలిండర్ మీద వండుకుంటున్న ఇళ్ళు ఇక్కడ కల్పన కాదు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి ఇంటి నుంచి చావుకబురు వచ్చినా రాత్రి బస్సుకు సాగనంపేది వీళ్ళే. ‘కాలాతీత వ్యక్తులు’ వచ్చి అరవై ఏళ్ళు దాటినా, ఈ అద్దె పోర్షన్ల తెలుగు నవల నా కంటపడలేదు. పెళ్ళితో ముగియని నవల, కూలిబస్తీనీ కులాన్నీ దాచని నవల, తెలంగాణ ఆడవాళ్ళ శోకాన్ని కథనంగా మలచుకున్న నవల రావాలి. దాన్ని రాయగల చెయ్యి ఈ హాలులోనే ఉండవచ్చు.

రెండు విన్నపాలతో సెలవు తీసుకుంటాను. ఇక్కడి గ్రంథాలయ నిర్వాహకులు ‘నిర్జన వారధి’, ‘మనకు తెలియని మన చరిత్ర’, ‘విముక్త’ ఒక్కొక్కటి రెండు ప్రతులైనా తెప్పించి, హాస్టళ్ళలో ఉండే అమ్మాయిలకు పూచీకత్తు అడగకుండా ఇవ్వాలి. ఇక స్నేహితురాలితో కలిసి బతుకుతున్న అక్కలకు, అమ్మలకు: హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ మీ స్వార్జితాన్ని వీలునామా ద్వారా ఎవరికైనా ఇచ్చే హక్కు మీకు ఇచ్చింది. తెల్లకాగితం మీద రాసి, మీరు సంతకం చేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టిస్తే చెల్లుతుంది. ఈ నెలలోనే రాసి పెట్టుకోండి.